ఒడంబడికయు శాసనసభయు

27 శాతము మధ్యంతర భృతి నందుకొనుచుండిన వారికి 23 శాతము ఫిట్‌మెంటే వేతన సవరణయని చెప్పినచో కోపము రాక మానునా? 2022 ఫిబ్రవరి 3వ తేదీన విజయవాడ వీధులు ప్రభుత్వోద్యోగులతో నిండుటకు కారణమిదియే. 5వ తేదీ రాత్రి మంత్రుల యుపసంఘముతో నొడంబడిక కుదిరి సమ్మె నిలిచిపోయెను. ఫిట్‌మెంటు మారలేదు, ఇంటి యద్దె భత్యము కొంత పెరిగినది. అప్పటి కింకను విశాఖపట్టణ జిల్లాలోనే యున్న చోడవరమువంటి చిన్న యూళ్లలో 8 శాతమన్నది 10 శాతమయ్యెను. అక్కడి కచేరీ గుమాస్తాకును బడిపంతులునకును దక్కినది ఆ రెండు శాతములే.

ఇంతటి వ్యయమునకు సంబంధించిన యొడంబడికపై శాసనసభ వోటు తీసికొనలేదు. సర్కారు ఉత్తరువులతోనే సరిపోయెను. ఉద్యోగ నిబంధనలను చట్టసభ యేర్పరుపవచ్చుననియు, చట్టము లేనియెడ గవర్నరు నియమములు చేయవచ్చుననియు రాజ్యాంగపు 309వ అధికరణము చెప్పుచున్నది. ఆ ‘లేనియెడ’ యే మనకు రాచబాటయైనది! సభ్యుల యెదుటికి వచ్చునది బడ్జెటులోని పద్దు మాత్రమే. అప్పటికి మాట యిచ్చుట ముగిసియుండును. పన్ను చెల్లించు రైతు పక్షమున అడుగువాడుండడు.

అమెరికాలోని కొన్ని రాష్ట్రములలో నిట్టి యొడంబడికలు చట్టసభ యామోదమునకు పోవును. మనకును ఈ మార్గము క్రొత్త కాదు. ఆర్టీసీ కార్మికులను ప్రభుత్వోద్యోగులలో చేర్చు బిల్లును 2019 డిసెంబరులో సభ యామోదించగా, 2020 జనవరి 1 నుండి 50 వేలకు పైగా కార్మికులు సర్కారు కొలువులో చేరిరి. వేతన సవరణకు మాత్రము ఆ మర్యాద యేల లేదు? ఆశుతోష్ మిశ్రా సంఘపు నివేదికను ఉద్యోగులు పట్టుబట్టి యడిగినను, ఒడంబడికకు ముందు అది వారి చేతికందలేదు. రాబోవు నివేదికనైనను బేరములకు ముందే సభ బల్లపై నుంచవలెను.