హోటల్లో టిప్పు

హోటల్లో తిన్నాక సోంపు ప్లేటులో మనం వదిలే పైసలను టిప్పు అంటారు. అన్ని దేశాల్లో ఒకే తీరు లేదు. అమెరికాలో వంద డాలర్ల బిల్లుకు 15 నుంచి 20 డాలర్లు ఇస్తారు. ఎందుకంటే టిప్పు వచ్చే పనివాళ్ళకు యజమాని గంటకు 2.13 డాలర్ల జీతం ఇచ్చినా సరిపోతుందని అక్కడి కేంద్ర చట్టం. 1991 నుంచి అది పెరగలేదు! కొన్ని రాష్ట్రాల్లో మాత్రం ఎక్కువ ఇవ్వాలి. జపానులో టిప్పు ఆచారమే లేదు. ఫ్రాన్సులో సర్వీసు డబ్బులు ధరలోనే కలిసి ఉంటాయి.

మన దేశంలో కొన్ని పెద్ద హోటళ్ళు సర్వీస్ ఛార్జి అని వాళ్ళే బిల్లులో కలుపుతారు. అట్లా కలపొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సరే అంది. టిప్పు వేరు, అది మన ఇష్టం.

మా అన్న బౌరంపేట్‌లో ఒక హోటల్లో సర్వరు. అక్కడ టిప్పులన్నీ ఒక డబ్బాలో వేసి రాత్రి అందరూ పంచుకుంటారు. గిన్నెలు కడిగే అక్కకూ వాటా ఉంటది. ఆమె వెనకాల ఉంటది కదా, తినేవాళ్ళకు కనబడదు. నాకు ఈ పద్ధతే నచ్చింది. అన్న నాకు నోటుబుక్కులు, సబ్బులు తెచ్చేది ఆ వాటాతోనే. ఇప్పుడు అందరూ ఫోనుతో బిల్లు కడుతున్నరు, ఆ పైసలు ఓనరు ఖాతాలోకి పోతయి, చిల్లర మిగలదు. డబ్బా సగం కూడా నిండుతలేదు చెల్లె అన్నడు.