పులికి ఆటకట్టేనా?

మా పెదపారుపూడి వైపు పల్లెల్లో, అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీసి పులిజూదం ఆడని పిల్లలు వొకప్పుడు వుండేవారు కారు. మూడు పులులు, పదిహేను మేకలు. ఆ ఆటలో పులిని చంపటమనేది లేదు. మేకలన్నీ చుట్టూ చేరి, కదలటానికి చోటు లేకుండా చేస్తే పులికి ఆట కట్టినట్లే. అడవిలోని పులి కథ కూడా చాలావరకు యింతే. తుపాకి చేసినంత చేసింది. మిగిలిన పని గొడ్డలీ, నాగలీ పూర్తి చేశాయి.

పులులన్నీ వొకటే కదా అనుకుంటాం. శాస్త్రజ్ఞులు చాలాకాలం యెనిమిది వుపజాతులుగా లెక్కవేశారు: మన బెంగాలు పులి, మంచుదేశపు సైబీరియా పులి, ఇండోచైనా, దక్షిణ చైనా, కాస్పియన్, సుమత్రా, జావా, బాలి పులులు. 2004లో మలయా పులిని విడదీసి తొమ్మిదన్నారు. 2017లో కొందరు, ఖండంలోని పులులన్నీ వొకటి, దీవుల పులులు వొకటి, రెండే చాలునన్నారు. మరుసటి సంవత్సరమే జన్యువులను పరీక్షించినవారు, బ్రతికి వున్నవే ఆరు అన్నారు. ఈ లెక్క తేలకముందే, బాలి, జావా, కాస్పియన్ పులులు యిరవయ్యో శతాబ్దంలోనే మాయమైపోయాయి. దక్షిణ చైనా పులి యిప్పుడు మనుషుల పెంపకంలో మాత్రమే మిగిలింది.

మరి జంతు ప్రదర్శనశాలలో వుంచితే జాతి నిలవదా? వంశావళి రాసిపెట్టుకుని, జాగ్రత్తగా జతకలిపితే రక్తం నిలుస్తుంది. జాగ్రత్త తప్పితే యేమవుతుందో తెల్లపులి చెబుతుంది. 1951లో రీవా అడవుల్లో దొరికిన 'మోహన్' అనే పిల్లతో ఆ వంశం మొదలైంది. తెల్లపులి వేరే జాతి కాదు. బెంగాలు పులికే వొక జన్యువులో మార్పు వల్ల వచ్చిన రంగు. ఆ రంగు నిలపటానికి మోహన్‌ను దాని కూతురితోనే జతకట్టించారు. మేనరికాలే వద్దని డాక్టర్లు చెబుతుంటే, యిది అంతకు మించిన సంబంధం! ఆ వంశంలో అవకరాలతో యెన్నో పిల్లలు పుట్టాయి.

మన పులుల పుట్టిల్లు నల్లమల. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. 2014లో రాష్ట్రంతోపాటు అదీ రెండుగా చీలింది. తెలంగాణ భాగం అమ్రాబాద్. 2022 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులు తేలాయి. అడుగుజాడ చూసి పులి జాడ చెప్పగల చెంచులు అక్కడ కాపలాకు పెద్ద అండ.

2023 మార్చిలో ఆ అడవి అంచున, నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు ఆడపిల్లలు—పులిపిల్లలు—తల్లి లేకుండా దొరికాయి. తల్లి దగ్గరకు చేర్చాలని అధికారులు రాత్రింబవళ్ళు అడవిలో వెదికారు. తల్లి రాలేదు. చివరికి వాటిని తిరుపతి జంతుశాలకు తరలించారు.

ప్రాణం దక్కించటానికి అదొక్కటే దారి కావచ్చు. కాని సీసాపాలతో పులి పెరుగుతుందే గాని, పులితనం పెరగదు. వేట నేర్పేది తల్లి. మనిషిని చూసి తప్పుకోవటం నేర్పేదీ తల్లే. అయినా ఆశ లేకపోలేదు. కన్హాలో తల్లిని పోగొట్టుకున్న రెండు పిల్లలను అక్కడే కంచె వేసిన అడవిలో, వేట నేర్చుకోనిచ్చి పెంచారు. 2011లో వాటిని పన్నా అడవిలో వదిలితే, ఆ యేడే వొకటి తల్లి అయింది. అంటే అనాథకు సైతం అడవి తల్లి కాగలదు—అడవంటూ వుంటే.

నల్లమల పులితో మన డెల్టావారికేమి పని అనవచ్చు. శ్రీశైలం దాటి, సాగర్ దాటి, ప్రకాశం బ్యారేజి దగ్గర కాలువల్లోకి మళ్ళి మన వరిచేలకు వచ్చే కృష్ణమ్మ ఆ కొండల నడుమనుంచే వస్తుంది. పులి కోసం కాపాడిన అడవే ఆ కొండల మట్టిని కొట్టుకుపోకుండా పట్టి వుంచుతుంది.

నల్లమలనుంచి లంకమల మీదుగా శేషాచలందాకా పులులకు దారి నిలపాలన్న ఆలోచన వుంది. పులిజూదంలో పులికి కావలసిందీ అదే: కదలటానికి వొక్క గీత. ఆ గీతను చెరపకుండా వుంచటం మన చేతిలో వుంది.