మారుమనస్సు: ఒక పదవిచారము

నెల్లూరు సముద్రతీరగ్రామములయందలి క్రైస్తవులు నిత్యము వాడుకొను పదములలో "మారుమనస్సు" ముఖ్యమైనది. ఒకఁడు పూర్వపు నడవడిని విడిచి క్రీస్తునందు విశ్వాసము నిలుపుటను వారు "మారుమనస్సు పొందుట" యందురు. మనలోఁ బెక్కుమంది యిట్టి పదములను పాదిరితెనుఁగని త్రోసివైచుచుందురు. నేనును ఆ దోషమునకు లోనైనవాఁడనే.

కొన్ని యేండ్లక్రిందట నేను తరగతిలో సమాసప్రకరణము చెప్పుచుండఁగా నొక విద్యార్థి లేచి, "అయ్యా, మారుమనస్సు ఏ సమాసమండీ?" యని యడిగెను. నేను తొందరపడి, "మారువేషము, మారుపేరు అనునట్టిదే" యంటిని. తరగతియంతయు నవ్వెను. ఆ బాలుఁడు మాత్రము నవ్వక తలవంచుకొని కూర్చుండెను. వానివారు నాలుగుతరములనుండి క్రైస్తవులని నాకుఁ బిమ్మటఁ దెలిసినది. నేను క్రైస్తవుఁడను గాను. అయినను శబ్దమునకు న్యాయము చేయుట వైయాకరణుని ధర్మము. నా యుత్తరము వ్యాకరణదృష్టిచే నసంపూర్ణమనియు, చరిత్రదృష్టిచే నన్యాయమనియు నిచ్చటఁ జూపఁదలఁచితిని.

మూలమగు గ్రీకుపదము "మెటానోయియా". దానియందలి మొదటి భాగమునకు తరువాత యనియు, మార్పనియు నర్థములు గలవు, రెండవది మనోవాచకము. సంస్కృతమున దీనికి సమీపమైన పశ్చాత్తాపపదము జరిగినదానికై తరువాతఁ గలుగు తాపమును మాత్రమే చెప్పును. తాపము గలిగియు త్రోవ మార్చుకొననివారు లోకమునఁ బెక్కండ్రు. కావుననే తెలుఁగున మనస్సును బ్రధానపదముగా నిలిపిన యీ సమాసము మూలమునకు మిక్కిలి దగ్గఱగా నున్నది.

ఇఁక విగ్రహము. చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) సమాసములు సాంస్కృతికము, ఆచ్ఛికము, మిశ్రము అని త్రివిధములుగాఁ జెప్పఁబడినవి. తెలుఁగుపదమును తత్సమపదమును గూడుటచే మారుమనస్సు మిశ్రసమాసము. దీనికి మూఁడు విధముల నర్థము చెప్పవచ్చును. మారువేషమునందువలె "మారు" అనఁగా నిజమును గప్పునట్టి వేఱొకటి యనుట మొదటిది. మారైన మనస్సు, అనఁగా పూర్వస్థితిని విడిచి వేఱైన మనస్సనుట రెండవది. "పాఱు నీరు" అనునప్పటివలె "మారు" అనుదానిని తద్ధర్మార్థకవిశేషణముగాఁ గొని, మారుచుండుటయే స్వభావముగాఁ గల మనస్సనుట మూఁడవది. మొదటిది కపటము, రెండవది యొకనాఁటి ఘటన, మూఁడవది యెడతెగని వృద్ధి. వీనిలో నేది తగునో శబ్దమాత్రముచేఁ దేలదు. ఆ పదమును జీవితమున ననుభవించినవారిని జూడవలెను.

అమెరికాదేశపు బాప్తిస్టుసంఘమువారు 1840లో నెల్లూరున మిషను స్థాపించిరి. శామ్యూల్ డే అందుకు మూలపురుషుఁడు. 1849లో లైమన్ జ్యూయెట్ వచ్చి చేరెను. పెక్కేండ్లు ఫలము మిక్కిలి స్వల్పముగా నుండుటచే స్వదేశమునందలి సంఘమువారు దీనిని విడిచిపెట్టుటకుఁ గూడ నాలోచించిరి. 1866లో జాన్ క్లౌ ఒంగోలున స్థిరపడెను. ఆ కాలమున నొంగోలు నెల్లూరుమండలములోనిదే; 1904లో గుంటూరుమండల మేర్పడినప్పుడు దానిలోఁ జేరెను.

ఆ 1866లోనే యెఱ్ఱగుంట్ల పేరయ్య యనునతఁడు జ్యూయెట్‌చే బాప్తిస్మము పొందెను. అతఁడు మాదిగకులమునఁ బుట్టినవాఁడు; ఒంగోలునకు దూరముగా లోనాడునందలి తాళ్లకొండపాడు అతని గ్రామము; తోళ్లవ్యాపారము జీవనము. అతఁడు పోతులూరి వీరబ్రహ్మముగారి సంప్రదాయమునకుఁ జెందిన యొక స్త్రీ గురువునొద్ద యోగోపదేశము పొంది, తానును శిష్యులకు బోధించినవాఁడు. వ్యాపారమునకై యుత్తరదిశగాఁ బోయినప్పుడు క్రైస్తవబోధ విని, యింటికి వచ్చి భార్యతోను తనవారితోను దానిని ముచ్చటించుచుండెను. ఆవల నొంగోలునకు నడచిపోయి బాప్తిస్మ మడిగెను. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడునకుఁ బోయినప్పుడు 28 మంది బాప్తిస్మము పొందిరి. వారిని సిద్ధపఱచినది ముఖ్యముగాఁ బేరయ్యయే.

ఈ కథయం దొక సూక్ష్మము గలదు. పేరయ్యమనస్సు 1866లో నొక్కనాఁడు మాఱినది కాదు. విగ్రహములకు మించిన పరతత్త్వ మొకటి కలదను చింత యోగమార్గముననే యతనికిఁ బట్టుపడినది. బాప్తిస్మ మా చింతకు క్రొత్తదిక్కు చూపినది. ఆ దిక్కున నతఁడు శేషజీవితమంతయు గ్రామగ్రామము దిరిగి బోధించెను. మూఁడవ విగ్రహమున కితఁడే యుదాహరణము.

మొదటి విగ్రహమును సమర్థించువారు 1878వ సంవత్సరమును జూపుదురు. ధాత సంవత్సరమున మొదలైన మహాక్షామము (1876-78) దక్షిణదేశమును బీడించెను. సర్కారువారు కఱవుపనిగాఁ ద్రవ్వించుచున్న బకింగ్‌హాము కాలువలో మూఁడున్నర మైళ్ల భాగమును క్లౌ గుత్తకుఁ దీసికొని వేలకొలఁది జనులకుఁ బని కల్పించెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీని వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మనదిలో నొక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నమునకై వేసిన మారువేషమేకదా యని యాక్షేపించువా రప్పుడును గలరు, ఇప్పుడును గలరు.

ఈ యాక్షేపమును దేలికగాఁ ద్రోసివేయరాదు. ఆఁకలిగొన్నవానికిఁ గూలి యిచ్చినవానియందు గౌరవము గలుగుట సహజము; కఱవుబాధ యప్పటికిఁ బూర్తిగాఁ దీఱలేదు. అయినను రెండు విషయములు గణింపవలెను. కాలువపని జరుగుచుండఁగాఁ బదునైదుమాసములు క్లౌ యెవరికిని బాప్తిస్మ మీయలేదు. అన్నమునకై మతము పుచ్చుకొనిరను మాట రాకూడదనియే యతని తలంపు. రెండవది, బాప్తిస్మమునకుఁ దరువాత వారు చెల్లించిన మూల్యము. ఆదివారమునఁ బని మానవలెను, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహముల నారాధింపరాదు అని వారికి నియమములు. గ్రామదేవతల జాతరలలో డప్పు వాయించుట, పిలిచిననాఁడెల్ల వెట్టిపని చేయుట వారి విధులుగా నున్న కాలమది. ఆ విధులు మానుటచే గ్రామాధికారులు వారిని బలువిధముల బాధించిరి. వేషధారి వేషము లాభింపనప్పుడు దానిని దీసివేయును. వీరిలోఁ బెక్కండ్రు నష్టమును సహించియు నిలిచిరి. ఇన్నివేలమందిలోఁ బ్రతివాని హృదయమును మన మెఱుఁగఁజాలము. కాని సముదాయమున కంతటికిని మారువేషమను పేరు పెట్టుట న్యాయము గాదు.

ఇచ్చట నొక శంక. మారుచుండుటయే స్వభావమైనచో నది చపలచిత్తము గాదా? దీనికి వారి రెండవ ప్రధానపదమగు "విశ్వాసము" సమాధానము చెప్పును. "శ్వస ప్రాణనే" అను ధాతువునకు విపూర్వకముగా ఘఞ్ వచ్చి యీ రూపమేర్పడినది. ఊపిరి యొకసారి తీసి చాలించునది గాదు. ప్రతిక్షణమును జరుగుచుండియు మనుష్యుని స్థిరముగా నిలుపునది యదియే. ఇట్టి యాధారము గల మార్పు చాపల్యము గాదు, పెరుఁగుట. క్రైస్తవగ్రంథములలోఁ దఱచుగా వినఁబడు "క్షేమాభివృద్ధి" యనుపదమును ఈ యర్థమునే పోషించుచున్నది. మూలమగు గ్రీకుపదమునకు ఇల్లు కట్టుట యని యర్థము. ఇల్లు ఒక్క యిటుకతోఁ బూర్తికాదు. మొదటి యిటుక లేక మొదలును గాదు. కావున రెండవ విగ్రహము మూఁడవదానికి విరోధి గాదు, దానికిఁ బునాది.

ఇట్లు, మారైన మనస్సనునది యారంభమును, మారు మనస్సనునది జీవితమును జెప్పుచుండుటచే నీ రెండును గ్రాహ్యములు. మొదటి విగ్రహము వ్యాకరణమున సాధ్యమైనను సందర్భమున నసాధువు. ఒక సముదాయము తన యంతరంగమును జెప్పుకొనుటకు వాడుకొనిన పదమునకు అర్థమడుగవలసినది ముందుగా నా సముదాయమునే. ఇది మన పాఠశాలలలో మఱవరాని నియమము.

ఆ విద్యార్థి యిప్పుడు చదువు ముగించి యెచ్చటనో యున్నాఁడు. నా తరగతిలో నీ ప్రశ్న మరల వచ్చినచో మూఁడు విగ్రహములను నల్లబల్లపై వ్రాసి, మొదటిదానిని నా చేతితోనే తుడిచివేయుదును.