గంధకం చల్లే ముందు నేలలో సున్నం చూడండి

నిమ్మ, బత్తాయి తోటల్లో లేత ఆకులు పసుపురంగుకు మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఇది ఇనుము లోపం. భూమిలో ఇనుము లేక కాదు, ఉన్నది చెట్టుకు అందక వచ్చే తెగులిది. నేల క్షారగుణం పెరిగినకొద్దీ ఇనుము కరగని రూపంలోకి మారిపోతుంది. గంధకం చల్లితే క్షారం విరుగుతుందని ఎవరో చెప్పగానే బస్తాలు కొనుక్కొచ్చి చల్లేసేవారున్నారు. అన్ని నేలల్లో ఇది పనిచేయదు. కారణం తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది.

గంధకం ఎలా పనిచేస్తుంది?

నేల పులుపు, క్షారాలను ఉదజని సూచిక, అంటే పి.హెచ్., చెబుతుంది. 7 తటస్థం. అంతకు పైన క్షారం, కింద ఆమ్లం. చాలా పంటలకు 6.5 నుంచి 7.5 వరకు అనుకూలం. ఒక్క అంకె మారితే తేడా పదిరెట్లు.

గంధకం చల్లగానే పులుపు రాదు. నేలలోని థయోబాసిల్లస్ అనే సూక్ష్మజీవులు దాన్ని గంధకామ్లంగా మార్చాలి. ఇందుకు తేమ, గాలి, వెచ్చదనం కావాలి. వారాల నుంచి నెలల దాకా పడుతుంది. ఎండిన నేలలోనూ, నీరు నిలిచిన నేలలోనూ ఈ పని సాగదు.

లెక్క ఇదీ

ఒక కిలో గంధకం నుంచి వచ్చే ఆమ్లాన్ని సుమారు 3 కిలోల సున్నం మింగేస్తుంది. ఎకరం నేలలో పై ఆరంగుళాల మట్టి సుమారు 900 టన్నులుంటుంది. అందులో సున్నం ఒక్క శాతం ఉన్నా 9 టన్నులు. దాన్ని విరచడానికే దాదాపు 2,900 కిలోల గంధకం కావాలి. 50 కిలోల బస్తాలైతే 58. ఆ సున్నం పోయేదాకా పి.హెచ్. పెద్దగా దిగదు. ఎకరానికి రెండు మూడు బస్తాలు చల్లి ఫలితం లేదనేవారి కథ ఇదే. పైగా బోరు నీటిలో బైకార్బొనేట్లు ఎక్కువైతే తగ్గిన పి.హెచ్. మళ్లీ పెరుగుతుంది.

పరీక్ష ఇలా

పొడి మట్టిపై సజల హైడ్రోక్లోరిక్ యాసిడ్ నాలుగు చుక్కలు వేయండి. చేతికి, కంటికి తగలనీయకండి. బుసబుస పొంగితే సున్నం ఉన్నట్లే. 2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డులోని 12 అంశాల్లో పి.హెచ్. ఉంటుంది గానీ సున్నం శాతం ఉండదు. భూసార పరీక్షకు మట్టి ఇచ్చేటప్పుడు సున్నం కూడా చూడమని అడగండి.

మట్టి పొంగకపోతే

సున్నం లేని పెరటి మళ్లలో గంధకం బాగా పనిచేస్తుంది. పి.హెచ్. 7.5 నుంచి 6.5కు దించాలంటే చదరపు మీటరుకు ఇసుక నేలల్లో సుమారు 50-60 గ్రాములు, బరువు నేలల్లో 100 గ్రాముల పొడి గంధకం పై మట్టిలో కలిపి తడి ఇవ్వాలి. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించాకే రెండో విడత వేయాలి.

పొంగితే ఏం చేయాలి?

నేలనంతా మార్చాలని చూడకండి, చెట్టుకు ఇనుము అందించండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి లేత ఆకులు తడిసేలా పిచికారి చేయండి. వారం వ్యవధిలో మరోసారి కొట్టాలి. నేలలో వేయాలంటే ఇ.డి.డి.హెచ్.ఎ. రకం ఇనుప చీలేటు వాడాలి. ఇ.డి.టి.ఎ. రకం క్షారపు నేలలో నిలవదు. పాదుల్లో పశువుల ఎరువు ఎక్కువగా వేయండి. కొత్తగా తోట పెట్టేవారు సున్నాన్ని తట్టుకునే రంగపూర్ నిమ్మ వేరుమూలంపై కట్టిన అంట్లు ఎంచుకోవడం మేలు.

ఇక సోడియం పేరుకుని పి.హెచ్. 8.5 దాటిన కారు చౌడుది వేరే సంగతి. అక్కడ సున్నం లేకపోతే జిప్సం, ఉంటే గంధకమైనా సరే. ఒక కిలో గంధకం 5.4 కిలోల జిప్సంతో సమానం. ఏది వేసినా మురుగునీరు పోయే కాలువ లేకపోతే చౌడు విరగదు. ముందు కాలువ తీసి, పరీక్ష ఫలితం చూసుకుని, ఆ తర్వాతే బస్తా కొనండి.