ఓటీ దయ కాదు, రెట్టింపు కూలీ: ఉప్పాడ రొయ్యల కార్మికులు తెలుసుకోవాల్సింది

ఉప్పాడ అనగానే జాందానీ చీర, చేపల రేవు గుర్తొస్తాయి. చుట్టుపక్కల దళితపేటల ఆడవాళ్లను అడిగితే మరో పని చెబుతారు: రొయ్యల కంపెనీ. తల తీయడం, ఒలవడం, గ్రేడింగ్, ప్యాకింగ్. రొయ్య నిలవ ఉండే సరుకు కాదు. లోడు ఎక్కువ వస్తే షిఫ్టు అయిపోయినా ‘సరుకు అయ్యాకే బస్సు’ అంటారు. ఆ అదనపు గంటలకు కొన్నిచోట్ల మామూలు కూలీ ఇస్తారు, కొన్నిచోట్ల టీ, టిఫినుతో సరిపెడతారు. చట్టం ప్రకారం రెండూ తప్పే.

చట్టం ఏం చెబుతోంది?

1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ప్రకారం రోజుకు 9 గంటలు లేదా వారానికి 48 గంటలు దాటి చేసిన పనికి మామూలు కూలీకి రెట్టింపు ఇవ్వాలి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. దాని 27వ సెక్షన్ కూడా ఓటీకి రెట్టింపు వేతనమే అంటోంది. రోజు లెక్క, వారం లెక్కల్లో కార్మికుడికి ఏది లాభమైతే దాన్నే తీసుకోవాలి. కార్మికుడు ఒప్పుకుంటేనే ఓటీ చేయించాలి. అంటే చట్టం పేరు మారింది గానీ రెట్టింపు మారలేదు.

‘ఇప్పుడు పది గంటలు డ్యూటీయే’ అంటే?

2025లో రాష్ట్ర అసెంబ్లీ ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి రోజు పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచింది. మూడు నెలల్లో చేయించగల ఓటీని 75 గంటల నుంచి 144కు పెంచింది. దీన్ని చూపించి ‘పది గంటల దాకా ఓటీ లేదు’ అనే మేస్త్రీలకు ఒకటే జవాబు: వారం లెక్క చూడండి. ఆ సవరణ 48 గంటల వారాన్ని ముట్టుకోలేదు.

ఉదాహరణకు, 8 గంటలకు కూలీ రూ.480 అనుకుందాం. గంటకు రూ.60, ఓటీ గంటకు రూ.120. రోజుకు 10 గంటల చొప్పున ఆరు రోజులు చేస్తే 60 గంటలు. 48 తీసేస్తే 12 గంటల ఓటీ, అంటే వారానికి రూ.1,440. నాలుగు వారాలకు రూ.5,760. సింగిల్ రేటు ఇస్తే ఇందులో సగం పోయినట్టే.

కిలోల లెక్కన ఒలిచేవాళ్లకు ఓటీ ఉండదన్నది కూడా అబద్ధం. 1948 చట్టంలోనే దీనికి పద్ధతి ఉంది. అంతకు ముందు నెలలో పనిచేసిన రోజుల సంపాదన సగటు (ఓటీ కలపకుండా) తీసి, దానికి రెట్టింపు కట్టాలి.

అయితే ఈ రక్షణ అందరికీ అందదు. ఇంట్లో మగ్గం మీద షావుకారుకు చీరకు ఇంతని నేసే నేతగాడు, పడవలో వాటాకు వెళ్లే మత్స్యకారుడు ఎన్ని గంటలు కష్టపడినా ఓటీ లెక్కలోకి రావడం కష్టం. కంపెనీ గేటు లోపల పనిచేసేవారికి మాత్రం, కాంట్రాక్టర్ కింద ఉన్నా, ఈ హక్కు ఉంది.

డబ్బివ్వని గంట వెట్టే

ఎనిమిది గంటల పని వెనుక బాబాసాహెబ్ కృషి ఉంది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఆయన కార్మిక సభ్యుడు. 1946 సవరణ చట్టంతో ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో 54 గంటల పనివారం 48కి తగ్గింది.

కరోనా కాలంలో గుజరాత్ ప్రభుత్వం 12 గంటల పనికి అనుమతిచ్చి, రెట్టింపు కూలీ అక్కర్లేదంది. 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి, ఓటీ కట్టమంది. అందుకు ఆధారాల్లో ఒకటి వెట్టిని నిషేధించే రాజ్యాంగం 23వ అధికరణ. తాతల కాలంలో దొర ఇంట్లో చేసింది వెట్టి అయితే, కంపెనీలో డబ్బివ్వకుండా ఆపి చేయించుకునే గంటకు వేరే పేరెందుకు? దళితులతో బలవంతంగా వెట్టి చేయించడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందా నేరమే. ప్రతి ఓటీ బాకీ ఆ కేసు కాదు. బెదిరింపు, బలవంతం ఉంటే మాత్రం ఆ దారి ఉందని గుర్తుంచుకోవాలి.

ఎలా అడగాలి?

- ఒక నోటుబుక్కు పెట్టండి. రోజూ లోపలికి వెళ్లిన టైము, బయటికి వచ్చిన టైము, చేసిన పని, ఇచ్చిన డబ్బు రాయండి. గేటు పాసు, హాజరు కార్డు, బ్యాంకు జమల ఫొటోలు దాచుకోండి.
- జీతం స్లిప్పు అడగండి. వేతనాల కోడ్ ప్రకారం ఇవ్వాల్సిందే.
- కాకినాడలోని కార్మిక శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. వేతనాల కోడ్ కింద మూడేళ్లలోపు బాకీ అడగవచ్చు. మీ తరఫున యూనియన్ కూడా వేయవచ్చు.
- బకాయి చెల్లించామని రుజువు చేయాల్సింది యాజమాన్యమే. కాంట్రాక్టర్ ఎగ్గొడితే కంపెనీయే కట్టాలి.
- ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఒక్కరే అడిగితే ‘రేపటి నుంచి రావద్దు’ అనడం తేలిక. అదే బస్సులో వెళ్లే పదిమంది ఒకే కాగితం మీద సంతకాలు పెడితే ఆ మాట అంత తేలిగ్గా రాదు. ఫిర్యాదు ఎప్పుడు పెట్టినా సరే, ముందు పదిమందీ గంటలు రాసుకోవడం మొదలుపెట్టండి.