దూరదర్శిని: దానిని నిలుపు విధము, చూచు విధము

గత సంవత్సరము మన పాఠశాలకు ఒక చిన్న దూరదర్శిని వచ్చినది. దీనినే మన పెద్దలు దుర్భిణి యందురు. అది వచ్చిన రాత్రియే మేము దానిని ఆటస్థలమున నిలిపి, గురుగ్రహమును చూడ నుద్యుక్తుల మైతిమి. ఒక గంటసేపు శ్రమపడినను మాకు కనబడినది చీకటి మాత్రమే. చుట్టును చేరిన చిన్నతరగతుల బాలురు విసిగి నిద్రకు పోయిరి. యంత్రము చెడినదని కొందరనిరి. యంత్రము చెడలేదు, దానిని వాడుట మాకు తెలియదు. ఇట్టి నిరాశచేతనే పెక్కు యిండ్లలో ఇట్టి యంత్రములు అటకలపై దుమ్ముపట్టి యుండును. కావున మేము తప్పులు చేసి నేర్చుకొన్న సంగతులను చదువరులకు మనవి చేయుచున్నాము.

గొట్టము ముందుచివర నున్న పెద్ద గాజుబిళ్ళకు వస్తుకటకమని పేరు. మన యంత్రమున దాని వ్యాసము 70 మిల్లీమీటర్లు, నాభ్యంతరము 700 మిల్లీమీటర్లు. కంటికి చేర్చి చూచునది అక్షికటకము. మొదటిదాని నాభ్యంతరమును రెండవదాని నాభ్యంతరముచే భాగించినచో, వస్తువు ఎన్ని రెట్లు పెద్దదిగా కనబడునో తేలును. 25 మిల్లీమీటర్ల అక్షికటకముతో 28 రెట్లు, 10 మిల్లీమీటర్ల దానితో 70 రెట్లు. వస్తుకటకపు వ్యాసమున మిల్లీమీటరు ఒక్కింటికి రెండు రెట్లు, అనగా మనకు 140 రెట్లు, దాటినచో బొమ్మ పెరుగును గాని వివరము పెరుగదు. కావున పెట్టెలపై ముద్రించు పెద్ద అంకెలను జూచి భ్రమపడరాదు. దూరదర్శినికి నిజమైన బలము వెలుతురును కూర్చుట. చీకటిలో విప్పారిన కంటిపాప వ్యాసము సుమారు 7 మిల్లీమీటర్లు. కటకము వ్యాసము దానికి పదిరెట్లు గనుక, అది కూర్చు వెలుతురు నూరురెట్లు.

యంత్రమును మొదట పగటివేళనే సిద్ధపరుపవలెను. ముక్కాలిపీటను గట్టినేలపై నిలిపి, కాళ్ళను మిక్కిలి పొడవుగా లాగక, మరలు బిగింపవలెను. గొట్టముపై చిన్న చూపుగొట్టమొకటి యుండును. పెద్దగొట్టము ఆకాశమున స్వల్పభాగమునే చూపును. చూపుగొట్టము విశాలభాగమును చూపును. ఈ రెండును ఒకే దిక్కును చూడనిచో, ఎంత వెదకినను గ్రహము దొరకదు. మొదటిరాత్రి మేము చేసిన తప్పు ఇదియే. తక్కువ రెట్ల అక్షికటకముతో, చాలదూరమున నున్న తాటిచెట్టు తలనో, గోపురశిఖరమునో నడుమకు తెచ్చి, గొట్టము కదలకుండ చూపుగొట్టపు మరలను త్రిప్పుచు, దానియందును అదే శిఖరము నడుమకు వచ్చునట్లు చేయవలెను. బొమ్మ కుడియెడమలు మారి కనబడినచో వెరవ నక్కరలేదు. అది వంపుగొట్టములోని అద్దపు గుణము.

ఇచ్చట ఒక హెచ్చరిక. మేమిట్లు సవరించుచుండగా, ఒక చిన్నవాడు ఆటగా గొట్టమును పడమటి సూర్యునివైపు త్రిప్పి, కన్ను ఆనింప వంగెను. ఒక ఉపాధ్యాయుడు వానిని వెనుకకు లాగి, అక్షికటకము వెనుక నల్లని కాగితము నొకదానిని పట్టెను. క్షణములో దానినుండి పొగ లేచెను. ఆ కాగితమున్న చోట వాని కన్ను ఉండవలసినది! కంటి లోపలిపొరకు నొప్పి తెలియదు గనుక, చూపు పోయినదాక కాలుచున్నట్లు తెలియదు. సూర్యుని దూరదర్శినితోగాని, చూపుగొట్టముతోగాని ఎన్నడును చూడరాదు. అక్షికటకమునకు బిగించు నల్లగాజును నమ్మరాదు. వేడికి అది పగులును. పగలు యంత్రమును విడిచి పోవునపుడు రెండు గొట్టములకును మూతలు పెట్టవలెను.

రాత్రి చూచుటకు ముందు యంత్రమును అరగంటసేపు ఆరుబయట నుంచినచో కటకము బయటిగాలి చల్లదనమునకు వచ్చి బొమ్మ నిలుకడగా నుండును. ఎల్లప్పుడును తక్కువ రెట్లతోనే మొదలిడవలెను. నక్షత్రము మిక్కిలి చిన్నచుక్క యగువరకు మరను మెల్లగా త్రిప్పవలెను. భూమి గంటకు 15 అంశలు తిరుగుటచే చంద్రుడు రెండు నిమిషములలో తన వెడల్పంత దూరము జరిగిపోవును. కావున గొట్టమును మాటిమాటికి జరుపుచుండవలెను. చంద్రుని అంచున ఊదారంగు కనబడుట రెండు గాజుల సామాన్యకటకములకు సహజము. కటకముపై దుమ్మును చొక్కాకొనతో తుడువరాదు, గీతలు పడును. రబ్బరుబుడ్డి గాలితో ఊదిన చాలును.

ఇక చూడదగినవి. చంద్రుని పున్నమినాడుగాక, సగముగా నున్నపుడు చూడవలెను. వెలుగునీడల హద్దున కొండలనీడలు పొడవుగా పడి, గుంటలు స్పష్టమగును. పిల్లలకోడి యని మనవారు పిలుచు కృత్తికలలో, వట్టికంటికి ఆరేడు చుక్కలున్నచోట పదులకొలది చుక్కలు తోచును. 1610 లో గెలీలియో శనికి ఇరుప్రక్కల చెవులవంటివి గలవనుకొనెను. అది వలయమని 1659 లో హైగెన్స్ ప్రకటించెను. ఆ వలయము 70 రెట్ల చూపులో మనకును కనబడును.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 లో నక్షత్రశాల స్థాపించిరి. వారి అల్లుడు నరసింగరావుగారు 1874 లో శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా పోవుటను అచ్చట పరిశీలించిరి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి పండితుడు జాన్సెన్ గుంటూరునకు వచ్చి, సూర్యుని అంచున లేచు జ్వాలలు వాయుమయములని కనుగొనెను.

చూపుగొట్టమును సవరించిన రాత్రి గురుడు మాకు దొరికెను. చిన్న గుండ్రనిబిళ్ళ, ప్రక్కన ఒకే వరుసలో నాలుగు చుక్కలు. యంత్రము చెడినదన్న బాలుడే ఆ చుక్కలను తన పుస్తకమున గీచుకొనెను. మరునాటిరాత్రి అవి స్థానములు మారినవి, ఒకటి కనబడలేదు. అది గురుని చాటునకు పోయెనా, ముందునకు వచ్చెనా యని వాడు మమ్మడిగెను. మూడవరాత్రి అందరికంటె ముందుగా ఆటస్థలమునకు వచ్చినవాడు వాడే.