అకామా ముగిశాక ఆస్పత్రి ఖర్చు ఎవరిది?

మీ ముత్తాతలు ఫిజీకో, మారిషస్‌కో, నాటాల్‌కో ఓడ ఎక్కినప్పుడు వాళ్ల వెంట ఒక ఒప్పందం ఉండేది. ఎన్నేళ్లు పని చేయాలో, ఎంత కూలి ఇస్తారో అందులో రాసి ఉండేది. ఒళ్లు బాగుంటేనే కూలి. మారిషస్ తోటల్లో అనుమతి లేకుండా ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఈ మాటలు మీ ఇంట్లో విన్నవే కావచ్చు.

ఈ రోజు తెలుగువాళ్లు ఓడలో కాదు, విమానంలో వెళ్తున్నారు. కడప, రాయచోటి, కోనసీమ, నిజామాబాద్ వైపు నుంచి ఎంతోమంది కువైట్‌లో పని చేస్తున్నారు. వాళ్లకూ ఒక ఒప్పందం ఉంది. జబ్బు చేస్తే ఏమిటి అన్న ప్రశ్న వాళ్లకూ ఉంది.

కువైట్‌లో ఆరు గవర్నరేట్లు, అంటే ఆరు జిల్లాల వంటివి ఉన్నాయి. 1999లో ఏర్పడిన ముబారక్ అల్ కబీర్ వాటిలో ఒకటి. సబాహ్ అల్ సాలెం, ఖురైన్, అదాన్ వంటి పేటలు అందులో ఉన్నాయి. సబాహ్ అల్ సాలెంలో ఒక ఇంట్లో వంటపని చేసే ఒక అక్కను ఊహించుకోండి. ఆమెకు 48 ఏళ్లు. సొంతూరు రాయచోటి దగ్గర. షుగర్ ఉంది. మోకాళ్లు నొప్పులు. “ఇక చాలు, ఇంటికి వెళ్లిపోతాను” అంటోంది. మరి ఆమె మందుల ఖర్చు ఎవరు చూస్తారు?

ముందు కువైట్ సంగతి చూద్దాం. 1999లో వచ్చిన చట్టం ప్రకారం అక్కడ ఉండే విదేశీయులకు ఆరోగ్య బీమా తప్పనిసరి. బీమా అంటే, ముందుగా కొంత డబ్బు కట్టి, కష్టం వచ్చినప్పుడు సాయం పొందే ఏర్పాటు. ఆ డబ్బు కట్టకపోతే అకామా రాదు. అకామా అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి. చాలా ఏళ్లు ఈ బీమా ఏడాదికి 50 దినార్లు ఉండేది. 2025 చివర్లో 100 దినార్లు చేశారు.

బీమా ఉన్నా అంతా ఉచితం కాదు. పేటలో ఉండే చిన్న ఆస్పత్రిని అక్కడ ముస్తౌసఫ్ అంటారు. 2022 డిసెంబర్ నుంచి విదేశీయులు మందుల కోసం ముస్తౌసఫ్‌లో 5 దినార్లు, పెద్దాస్పత్రి ఔట్‌పేషంట్ విభాగంలో 10 దినార్లు అదనంగా కట్టాలని నియమం పెట్టారు. ఇంటి పనివాళ్లకు 2016లో నిర్ణయించిన కనీస జీతం నెలకు 60 దినార్లు. ఇప్పుడు మీరే లెక్క వేయండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది. అకామా ముగిసిన రోజే ఆ బీమా కూడా ముగుస్తుంది. పదవీ విరమణ చేసినవాళ్ల కోసం కువైట్ 2014లో వేరే బీమా చట్టం చేసింది. కానీ దాన్ని కువైట్ పౌరుల కోసమే చేశారు. మన అక్కకు వర్తించదు.

ఇక భారతదేశం సంగతి. గల్ఫ్‌కు వెళ్లే కార్మికుల కోసం ప్రవాసీ భారతీయ బీమా యోజన అనే పథకం ఉంది. పదో తరగతి చదవనివాళ్లు పనికి వెళ్లేముందు ఇది తప్పకుండా తీసుకోవాలి. 2017 నుంచి రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు, దానిపై పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వచ్చినా 10 లక్షల రూపాయలు వస్తాయి. ఇది మంచి పథకమే. కానీ ఇంటికి తిరిగొచ్చాక షుగర్ మందులకు ఇది పనికిరాదు.

ఊళ్లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం ఉంది. 2007లో మొదలైన ఈ పథకం పేద కుటుంబాల పెద్ద చికిత్సల ఖర్చు భరిస్తుంది. అయితే కార్డులో ఆమె పేరు ఉండాలి. చాలా ఏళ్లు దూరంగా ఉన్నవాళ్ల పేరు కార్డులో ఉందో లేదో ముందే చూసుకోవాలి. కేంద్రం 2024 అక్టోబర్‌లో పెద్దవాళ్ల కోసం 5 లక్షల వరకు ఉచిత చికిత్స ప్రారంభించింది. కానీ దానికి 70 ఏళ్లు నిండాలి. మన అక్కకు ఇంకా 22 ఏళ్లు ఉంది.

అందుకే ఈ మధ్యకాలం కోసం సొంతంగా ఒక పాలసీ తీసుకోవడం మంచిది. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. తిరిగొచ్చాక చూద్దాంలే అనుకుంటారు. పాలసీ తీసుకునేముందే ఉన్న జబ్బుకు వెంటనే డబ్బు రాకపోవచ్చు. కొంతకాలం ఆగాలి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన నియమం ప్రకారం ఆ గడువు మూడేళ్లు మించకూడదు. ఆమె 45వ ఏటే, కువైట్‌లో ఉండగానే పాలసీ మొదలుపెట్టి, ఏటా ఆపకుండా కట్టి ఉంటే, 48వ ఏట ఇల్లు చేరేసరికి షుగర్‌కు కూడా రక్షణ ఉండేది. ఇప్పుడు మొదలుపెడితే 51వ ఏడు దాకా ఆగాల్సి రావచ్చు. అయినా ఇప్పుడే మొదలుపెట్టడం మేలు. షుగర్ ఉందన్న సంగతి మాత్రం దాచకూడదు. దాస్తే రేపు ఆస్పత్రి బిల్లు ఇవ్వమనవచ్చు.

ప్రీమియం, అంటే ఏటా కట్టే డబ్బు, ఎక్కడి నుంచి వస్తుంది? కువైట్‌లో ఇంటి పనివాళ్ల కోసం 2015లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం పని మానేటప్పుడు, చేసిన ఒక్కో ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. 12 ఏళ్లు చేస్తే 12 నెలల జీతం. అడగకుండా విమానం ఎక్కితే ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది. ఊరు చేరాక ఇంటి కప్పుకో, పెళ్లికో అంతా ఖర్చు చేయకుండా, కొంత బీమాకు పక్కన పెట్టుకోవాలి.

మీ చుట్టాల్లో ఎవరైనా గల్ఫ్‌లో ఉన్నారా? ఈసారి ఫోన్ చేసినప్పుడు తెలుగులోనే మూడు ప్రశ్నలు అడగండి: “పిన్నీ, కార్డులో నీ పేరు ఉందా? ఊళ్లో పాలసీ కడుతున్నావా? ఎప్పుడు తిరిగి వస్తున్నావు?” మూడో ప్రశ్నకు జవాబు మూడేళ్లలోపు అయితే, రెండో పని ఈ నెలలోనే మొదలుపెట్టమని చెప్పండి.